మా స్నానాలగది తలుపు కోసం సంఘ ప్రార్థన

మా నాన్న బద్ధకస్తుడంటే నేను ఒప్పుకోను. ఆయన మొదలుపెట్టని పని లేదు. పూర్తి చేయడానికే ఎప్పుడూ ముహూర్తం కుదిరేది కాదు. ముహూర్తాలు నమ్మని లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ముహూర్తం కోసం కాచుకున్న మనిషి బహుశా ఆయనొక్కడే.

రేపల్లెలో మా ఇంటి పెరట్లో స్నానాలగది గోడలు నేను హైస్కూల్లో చేరకముందే లేచాయి. పైన రేకు, కింద నాపరాళ్లు, మూలన నీళ్లతొట్టి, అన్నీ అమిరాయి. తలుపు మాత్రం లేదు. అమ్మ పాత చీరొకటి గుమ్మానికి కట్టింది. సముద్రం వైపు నుంచి గాలి తోలితే చాలు, అది ఎగిరిపోయేది. బడిలో పిల్లలందర్నీ కంటిచూపుతో కూర్చోబెట్టే పంతులమ్మ మా అమ్మ, ఇంట్లో ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో చీర అంచు పట్టుకుని నీళ్లు పోసుకునేది. బయట నేను కాపలా. పాలాయన వచ్చినా, పక్కింటి పిన్ని వచ్చినా "అమ్మ స్నానం చేస్తోంది" అని అరిచేదాన్ని. ఆ రకంగా అమ్మ స్నానం సంగతి రోజూ వీధంతటికీ తెలిసేది. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాగని మాకు తలుపు లేకపోలేదు. ఉంది, అదే చిక్కు. నాన్న తెనాలిలో గుమస్తా. రోజూ పాసింజరు బండిలో వెళ్లి వచ్చేవాడు. ఒకసారి బాపట్లలో చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడ పడగొడుతున్న పాత పెంకుటింటి తలుపు చూసి మనసు పారేసుకున్నాడు. పాతకాలపు టేకు. చెక్కను చూశాడు గానీ మా గుమ్మాన్ని గుర్తుచేసుకోలేదు. బస్సు మీదకెక్కించి తీసుకొచ్చాడు. చెరుకుపల్లిలో కండక్టరు పైకి చూసి, "ఏంటండీ, మిగతా ఇల్లు తర్వాత బస్సులో వస్తందా?" అన్నాడట. ఇంటికొచ్చి గుమ్మానికి ఆనించి చూస్తే తలుపు జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు ఎక్కువ.

వడ్రంగి వచ్చి, కోసేస్తే పూటలో పని అయిపోతుందన్నాడు.

"ఇట్టాంటి చెక్కని ఎవరన్నా కోస్తారా?" అన్నాడు నాన్న. "గోడే పగలగొట్టి గుమ్మం పెద్దది చేద్దాం."

తాపీమేస్త్రి వచ్చి, గోడ కదిపితే పైన రేకు కూడా కిందికి దిగుతుందన్నాడు. సరే, ఆలోచిద్దాం అన్నాడు నాన్న. ఆ ఆలోచన ఏళ్లు నడిచింది. ఈలోగా తలుపు వరండాలో రెండు స్టూళ్ల మీద పడుకుని మాకు చాలా సేవ చేసింది. దాని మీద వడియాలు ఎండాయి, బట్టలు ఇస్త్రీ అయ్యాయి, క్రిస్మస్ అరిసెలు ఆరాయి. చుట్టాలొస్తే అన్నయ్య దానిమీదే పడుకునేవాడు. అది చేయనిదల్లా తలుపు పని ఒక్కటే.

అమ్మ అడిగింది, పోరింది, చివరికి అలిగి వంట మానేసింది. నాన్న హుషారుగా ఉప్మా చేసి పెట్టాడు. అది తిన్నాక మేమే అమ్మను బతిమాలి వంటింట్లోకి పంపించాం.

మా గుడిలో ఆరాధన చివర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన మనవులు అడిగేవారు. జ్వరాలు, పరీక్షలు, ఉద్యోగాలు చెప్పుకునేవారు. ఒకసారి మనవి చెప్పాక, అది తీరిందని వాళ్లే లేచి సాక్ష్యం చెప్పేదాకా వారం వారం ప్రార్థిస్తూనే ఉండటం మా సంఘం పద్ధతి. ఒక ఆదివారం అమ్మ లేచి, కొంగు తల మీదకు లాక్కుంది.

"మా స్నానాలగదికి తలుపు లేదండి. ఉన్న తలుపు పట్టట్లేదండి. వారికి మనసు పుట్టేలా ప్రార్థన చెయ్యండయ్యగారు."

మగవాళ్ల వైపు నాన్న కీర్తనల పుస్తకంలో తల దూర్చాడు. పుస్తకం తలకిందులుగా ఉందని తర్వాత అన్నయ్య చెప్పాడు. నేను ఓణీ చెంగు నోట్లో కుక్కుకున్నాను.

అయ్యగారు నవ్వలేదు. జ్వరాలతో పాటు మా తలుపునూ కలిపారు. సంఘపెద్ద ఒకాయన ప్రార్థనకు నిలబడితే ఒక్క వివరం వదలడు. "ప్రభువా, ఆ తలుపు జానెడు పొడవెక్కువని నీకు తెలుసు. నీ కుమారుడు వడ్రంగం ఎరిగినవాడే" అని మొదలుపెట్టాడు. ఇక నాన్నకు స్టేషన్లో, బండిలో, బజార్లో ఒకటే పలకరింపు, తలుపు ఎందాకా వచ్చిందండీ అని.

"దేవుడికి వేరే పన్లేం లేవనుకున్నావా?" అన్నాడు ఇంటికొచ్చి.

"ఆయనకి బోలెడున్నాయండి. మీకు చెప్పి చెప్పి, ఇక ఆయనకి చెప్పుకున్నా."

నాన్న తక్కువవాడు కాదు. మనవుల వేళకు ముందే గుడి బయట చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు అమ్మ ఆయన లేని సమయం చూసి ఇంకోసారి లేచింది. తలుపు వచ్చేస్తుందని విశ్వసిస్తున్నాననీ, పై నెల మొదటి ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక ఉంటుందనీ, అందరూ భోజనానికి రావాలనీ చెప్పేసింది. బాపట్ల చుట్టాలకు కూడా కబురు పంపింది. సంఘాన్ని పిలిచి భోజనం లేదనడం మా వైపు జరిగే పని కాదు. తలుపు లేకుండా తలుపు కోసం స్తోత్రం చెప్పించడం అంతకన్నా కాదు.

వడ్రంగి రంపం తెచ్చాడు. నాన్న చెక్కను ఒకసారి నిమిరి, "నువ్వు కొయ్యి, నేను చూడలేను" అని బండెక్కి పోయాడు. సాయంత్రం తెనాలి నుంచి కాగితంలో చుట్టిన ఇత్తడి గడియ తెచ్చాడు. అది తెమ్మని ఆయనకెవరూ చెప్పలేదు. "లోపలివైపు బిగించు" అన్నాడు వడ్రంగితో. ఆ ఒక్క మాటకు నాకు ఆయన మీదున్న కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను.

కూడిక జరిగింది. సంఘపెద్ద తలుపును తెరిచీ మూసీ చూసి మరీ స్తోత్రం చెప్పాడు. అందరూ తిని వెళ్లాక, అంట్లు అలాగే వదిలేసి అమ్మ స్నానాలగదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. నీళ్ల చప్పుడు లేదు. ఎంతకీ బయటికి రాలేదు. నాన్న కంగారుగా తలుపు దగ్గరికి వెళ్లాడు.

"ఏమేవ్, బానే ఉన్నావా?"

"బానే ఉన్నానండి."

"తొట్లో నీళ్లు లేవా?"

"ఉన్నాయండి. నేను స్నానానికి రాలేదు."

"మరి ఏం చేస్తన్నావ్ అందులో?"



"ఏం లేదండి. ఊరికే కూర్చున్నా. ఇక్కడికి ఎవరూ రారుగా."

నాన్న పెరట్లో నిలబడ్డ నన్నూ అన్నయ్యనూ లోపలికి పొమ్మని సైగ చేసి, తనూ చప్పుడు కాకుండా మా వెనకే వచ్చేశాడు.