బావుల కట్ట

ఉదయం పదకొండూ ఇరవైకి అటెండరు టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. గదిలో నేనొక్కడినే మిగిలాను. అతను తిరిగి వచ్చేలోగా చేసిన పనిని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

టెక్కలిలో ఒక గ్రంథాలయం వెనక గదిలో పాత ఎస్టేటు కాగితాలు గుడ్డల్లో కట్టి ఉంచేవారు. చీటీ రాసిస్తే ఎవరికైనా చూపించేవారు. వాటిలో ఉద్దానం ఊళ్ళ బావుల కాగితాల కట్ట ఒకటి చూసి, అప్పట్లో నేనొక వ్యాసం రాస్తున్నాను. అదే కట్ట కోసం కంచిలి వైపు నుంచి కూర్మారావు వచ్చేవాడు. కొబ్బరి రైతు. వాళ్ళింట్లో ఇద్దరు కిడ్నీ జబ్బుతో పోయారు. తనూ పలాసలో డయాలసిస్ చేయించుకునేవాడు. ఏ బావి నీళ్ళు తాగొద్దో పాతవాళ్ళు ఎక్కడైనా రాసి ఉంటే, తన కూతురికైనా పనికొస్తుందని అతని ఆశ.

ముందు నా వ్యాసం అచ్చు కావాలి. నా ఆలోచన అంతే. నాకు కావలసినవి రాసుకున్నాక, ఆ ఉదయం అటెండరు వచ్చేలోగా బావుల కాగితాలను ఎవరూ అడగని కోర్టు తగాదాల కట్టలో కలిపేశాను. వ్యాసం రాగానే తీసి పెడదామనుకున్నాను. ఎందుకు తీయలేదు? కట్ట ఏమైందని కూర్మారావు అడిగితే, నేను చూసినప్పుడు దాని చోటనే ఉందని చెప్పేశాను కనుక, ఇక తీస్తే దొరికిపోతానన్న భయమా? లేక అతని చీటీ ప్రతిసారీ ‘దొరకలేదు’ అన్న మాటతో తిరిగొస్తుంటే, అదే నిజమని నేనూ నమ్మడం మొదలుపెట్టానా?

తుఫానుకు ఆ గది పైకప్పు లేచిపోయింది. తడిసిన కట్టలను ఎండలో ఆరబెట్టడానికి కొందరం వెళ్ళాం. కూర్మారావూ వచ్చాడు, ముందురోజు సూదులు గుచ్చిన చేతికి ప్లాస్టరుతోనే. ముద్దైపోయిన కట్ట ఒకటి ఎత్తి చూపించాడు.

“ఇదేటి బావా?”

“కోర్టు తగాదాలు.”

“సచ్చినోల్ల తగువులు మనకెందుకు? పారేత్తన్నాను. మన బావులది దొరికితే సాలు.”

నేను తడి కాగితాలు పరుస్తూనే ఉన్నాను. అతను దాన్ని చెత్తలో వేసి, చేతులు దులుపుకొని, ఇంకో కట్ట విప్పాడు.

ఆ బావుల కాగితాల్లో నేను ఖర్చుల లెక్కలే చదివాను. వాళ్ళ ఊరి బావి అందులో ఉందో లేదో నాకు తెలియదు.

కూర్మారావు పోయాడు. పెద్దకర్మ నాడు అతని కూతురు గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగలేకపోయాను.

ముందు ఆ అమ్మాయికి చెప్పాలి కదా అని మీరనొచ్చు. క్షమించమని అడగడం లేదు. చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆ గ్రంథాలయంలో బావుల కాగితాల కోసం ఇప్పుడు ఎవరూ చీటీ రాయడం లేదు.