పులి అడుగు పక్కన చెయ్యి

మహిమకు చిన్నప్పటి నుంచీ భయమెక్కువ. సత్తుపల్లిలో వాళ్ల ఇల్లు బొగ్గు గనికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగి అలమరలో గిన్నెలు గలగలలాడితే, పరుగెత్తి తండ్రి సవరయ్య వెనక దాక్కునేది. చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న కోయగూడెం బడికి టీచరుగా పోస్టింగు వచ్చినప్పుడు చర్చిలో అందరూ సంతోషించారు గానీ, ఆమెకు మాత్రం వారం పాటు అన్నం సయించలేదు.

గూడెం పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగులో రాయమంటే తల వంచుకుని కూర్చునేవారు. ఒక ట్రైనింగులో క్లాసు బ్లాగు సంగతి విని వచ్చాక మహిమ దాన్ని మొదలుపెట్టింది. పిల్లలు రాసింది బడి ట్యాబులో టైపు చేసి, ఫోటో జతచేసి ఇంటర్నెట్‌లో పెట్టడం, అంతే. సత్తుపల్లిలో ఆమె స్నేహితురాలు జెస్సికా తన క్లాసు పిల్లలతో అవి చదివించి కామెంట్లు రాయించేది. మీ మేకకు పేరుందా అని అక్కడెవరో అడిగారని తెలిసిన రోజున, జవాబు నేను రాస్తానంటే నేను రాస్తానని గూడెం పిల్లలు పోట్లాడుకున్నారు. అంతవరకూ నోరు విప్పని పుష్పలత కూడా పెన్సిలు పట్టుకుని ముందుకొచ్చింది.

పుష్పలత ఐదో తరగతి. ఇప్పపువ్వు రాలే కాలం కావడంతో తెల్లవారకముందే నాయనమ్మ జంపక్కతో అడవికి వెళ్లి, ఏరుకొచ్చాక బడికి వచ్చేది. ఒకనాడు వాగు ఇసుకలో పులి అడుగు చూసింది. పక్కన చెయ్యి పెట్టి చూస్తే తన చెయ్యే చిన్నది. తండ్రి ముత్యాలు ఆ చేతినీ, అడుగునూ కలిపి ఫోన్లో ఫోటో తీశాడు. దాని గురించి పుష్పలత రాసిన తొమ్మిది వాక్యాలనూ మహిమ ఒక్క అక్షరం దిద్దకుండా, పాప పేరుతో, ఊరి పేరుతో బ్లాగులో పెట్టింది.

సత్తుపల్లి పిల్లల కామెంట్ల మధ్య ఒక కొత్త కామెంటు వచ్చింది. పేరు చోట ‘ప్రకృతి ప్రేమికుడు’ అని ఉంది. చాలా బాగా రాశావు తల్లీ, ఇది ఏ వాగు, మీ ఇంటి నుంచి ఎటువైపు నడవాలి అని అడిగాడు. రిటైరైన మాస్టారెవరో అనుకుని మహిమ మురిసిపోయింది. పుష్పలత జవాబు చెబుతుంటే తానే టైపు చేసింది. మా చేను దాటినంక, పెద్ద బండకాడ, ఇప్పచెట్ల కింద అని.

కొన్నాళ్లకు బడిలో వంట చేసే ఎర్రమ్మ, బియ్యం ఏరుతూ మామూలుగానే ఒక మాట చెప్పింది. “సంతల ఇద్దరు మొగోళ్లు కలిసిన్రు మేడం. పుష్పలత ఇల్లు ఏదని అడిగిన్రు. పాప చెయ్యి ఫోటో ఆళ్ల ఫోన్ల ఉన్నది.”

మహిమ వెంటనే బ్లాగు తెరిచి ఆ పోస్టు తీసేసింది. కానీ చదివినవాళ్ల తలలోంచి తీసేయడం ఎలా? మధ్యాహ్నం పుష్పలత చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తానే దిగబెట్టింది. దారిలో మోటారుసైకిల్ చప్పుడు వినబడిన ప్రతిసారీ పాపను పక్కకు లాక్కుంది.

సంగతంతా ముత్యాలుకు చెప్పింది. ఫారెస్టు ఆఫీసుకు చెబుదామంది మహిమ.

“చెప్తే మమ్ముల అడివిల అడుగు పెట్టనియ్యరు, పట్టాల్లేని పోడు చేలు గిట్ల అడుగుతరు,” అన్నాడతను. “చెప్పకుంటే ఆళ్లు పులిని సంపనీకి కరెంటు తీగలు పెడ్తరు. మా ముసల్దీ, పిల్లా చీకట్లనే ఆడ తిరుగుతరు. ఏం చెయ్యమంటవు మేడం?”

ముందు పాపను అడవికి పంపడం ఆపమంది మహిమ. తెల్లవారాక నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడతానని, అంతవరకూ పిల్లను పంపనని ముత్యాలు మాటిచ్చాడు.

మర్నాడు బడిలో పుష్పలత కనిపించలేదు. తండ్రి లేవకముందే నాయనమ్మ ఎప్పటిలాగే ఆమెను తీసుకుని అడవికి పోయిందని పక్కింటి పిల్లలు చెప్పారు. ముత్యాలు వాళ్లను వెతుక్కుంటూ ఇంకో దారిన వెళ్లాడట. పెద్ద పిల్లలకు బడి అప్పగించి, తలుపులు వేసుకుని లోపలే ఉండమని, మహిమ ఎర్రమ్మతో కలిసి పరుగెత్తింది. కొన్నేళ్లుగా గూడెంలో పనిచేస్తున్నా ఆమె చేలు దాటి అడవిలోకి వెళ్లింది లేదు. ఎండుటాకులు చప్పుడైతే పులనిపించింది. చప్పుడు ఆగిపోతే మనుషులనిపించింది. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ ఎర్రమ్మ కొంగు పట్టుకుని నడిచింది.

వాగు ఒడ్డున ఎర్రమ్మ ఆగి, ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. ముందు ఇసుకలో చిన్న చిన్న కర్రముక్కలు పాతి ఉన్నాయి. వాటి మీదుగా మోకాలెత్తున సన్నటి ఇనుప తీగ, చేల మీది కరెంటు లైను వైపు పోతోంది.

తీగకు అవతల, బండ మీద జంపక్క మనవరాలిని ఒళ్లో బిగించి పట్టుకుని కూర్చుంది. వెళ్లేటప్పుడు వేరే గట్టు మీదుగా వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఎండలో తీగ తళుక్కుమనడంతో ముసలామె ఆగిపోయింది. ఇంకెక్కడెక్కడ కట్టారోనన్న భయంతో వెనక్కీ పోలేక, పొద్దెక్కేదాకా అలాగే ఉండిపోయింది. పుష్పలత టీచరును చూడగానే బండ దిగబోయింది.

“కదలకు,” అంది మహిమ. రెండు చేతులూ ఎత్తి ఆగమని సైగ చేసింది. “నేనొచ్చిన గదా. నువ్వు ఆడనే కూసో తల్లీ.”

అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు, లైన్‌మన్‌తో కరెంటు తీయించడానికి ఎర్రమ్మ ఊళ్లోకి పరుగెత్తింది. మహిమ ఒక్కతే ఇవతల మిగిలింది. తీగలో కరెంటు ఉందో లేదో తెలియదు. కట్టినవాళ్లు పొదల చాటున ఉన్నారో, పోయారో తెలియదు. పాప ఊరికే లేస్తోంది. ఆమెను కూర్చోబెట్టడానికి మహిమ ఎక్కాలు అప్పజెప్పమంది. పన్నెండో ఎక్కం దగ్గర ఇద్దరూ తప్పారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. చెప్తున్నంతసేపూ ఆమె పాపను కాదు, పాప పాదాలను చూస్తూ ఉంది.

లైను ఆపించి ముత్యాలూ, గూడెం వాళ్లూ వచ్చి తీగ తెంచాక గానీ జంపక్క చేతులు సడలలేదు. పాప పరుగెత్తుకొచ్చి మహిమను వాటేసుకుంది. మహిమ ఇసుకలోనే కూర్చుని పాప పాదాలు రెండూ తడిమి చూసింది.

ఇక ఆఫీసుకు చెప్పక తప్పలేదు. ఎవరి వల్ల జరిగిందని అధికారులు అడిగితే, పోస్టు పెట్టిందీ, దారి చెప్పిందీ నేనేనని మహిమే ముందుకొచ్చి చెప్పింది. ఆ ఇద్దరు మగవాళ్లు దొరకలేదు. పులి కూడా మళ్లీ ఆ వాగుకు రాలేదు. ఆ వైపు అడవికి ఎవరినీ పోనివ్వకపోవడంతో ఇప్పపువ్వంతా నేలపాలైంది. కొందరు ఆడవాళ్లు మహిమను చూసి ముఖం తిప్పుకునేవారు. ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు.

బ్లాగు మూసేయాలనే నిశ్చయించుకుంది. వద్దన్నది ముత్యాలే. “పిల్ల రాయడం నేర్చింది దాంట్లనే. తలుపు పెట్టు, ఇల్లు కూలగొట్టకు,” అన్నాడు.

ఇప్పుడు ఆ బ్లాగు జెస్సికా క్లాసుకూ, గూడెం తల్లిదండ్రులకూ తప్ప ఎవరికీ తెరుచుకోదు. పిల్లల పేర్లుండవు, ఊరి పేరుండదు. ఏ కామెంటైనా ముందు మహిమ చదవాలి. మొన్న సత్తుపల్లి నుంచి ఒక మూడో తరగతి పిల్ల, మీ ఇంటికి ఎట్ల రావాలి అని అడిగింది. తప్పుడు ఉద్దేశం లేదని తెలుసు. అయినా మహిమ ఆ వాక్యాన్ని తీసేసింది.

“పాపం మేడం, ఆ పిల్ల మనకాడికి వద్దామనుకున్నదేమో,” అంది పక్కనే నిలబడి చూస్తున్న పుష్పలత.

అయి ఉండవచ్చని మహిమ ఒప్పుకుంది. ఆ పిల్లను జెస్సికా టీచరుతో పాటు రమ్మందామని చెప్పి, ఆ పిలుపు పుష్పలత చేతే రాయించింది. పంపే ముందు రెండుసార్లు చదువుకుంది.