ఎథిక్స్ కోర్సు మా ఆయన పూర్తి చేశాడు

నేను రిహాబిలిటేషన్ కౌన్సిలర్‌ని. ఈ మాట ఏ తెలుగు పార్టీలో అన్నా ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "మా బావమరిదికి కొంచెం అలవాటుందండీ, మీరు మాన్పించగలరా?" అని అడుగుతారు. మందు మాన్పించడం నా పని కాదు మహాప్రభో అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఫ్యాక్టరీలో నడుం దెబ్బతిన్నవాళ్లు, స్ట్రోక్ వచ్చి చెయ్యి పడిపోయినవాళ్లు, మనసు చెదిరి మంచం దిగనివాళ్లు మళ్లీ ఏదో ఒక పనిలో కుదురుకునేందుకు దారి వెతకడం నా పని. వాళ్లకు ఏం చేతనవుతుంది, ఏం చెయ్యాలని ఉంది, ఎవరు పని ఇస్తారు అని కనుక్కుని ప్లాన్ రాసి సంతకం పెడతాను. ఆ సంతకానికి విలువ ఉండాలంటే నా సర్టిఫికేషన్ బతికుండాలి.

అది బతికుండాలంటే కొన్నేళ్లకోసారి ఇన్ని గంటలు కొత్తగా చదువుకున్నానని చూపించాలి. పూర్వం ఇందుకోసం కాన్ఫరెన్సులకు వెళ్లేవాళ్లం. మెడలో బిళ్ల తగిలించుకుని, హోటల్ వాళ్ల నీళ్ల కాఫీ తాగి, వెనక వరసలో కునుకు తీసి గంటలు సంపాదించేవాళ్లం. ఇప్పుడు హోమ్ స్టడీ వచ్చింది. ఆ కునుకేదో ఇంట్లోనే తీయవచ్చు. ఒక పీడీఎఫ్ చదివి, చివర్లో క్విజ్ రాసి పాసైతే సర్టిఫికెట్ దానంతటదే ఈమెయిల్‌లో వచ్చి పడుతుంది. ఆ పీడీఎఫ్‌లు రాసేదెవరో గానీ వాళ్లకు మనుషుల మీద ఏదో కక్ష ఉంది. క్లయింటును గౌరవించండి అని చెప్పడానికి నాలుగు పేజీలు, వాటికి కింద ఫుట్‌నోట్లు.

ఆ ఏడాది అన్నీ అయ్యాయి, ఎథిక్స్ కోర్సు తప్ప. నవంబరు నెలాఖరు గడువు. అది దాటితే సర్టిఫికేషన్ పోతుంది, నా కేసులన్నీ ఇంకొకరి చేతికి వెళ్తాయి, ఆ తర్వాత ఆఫీసులో నాకు కుర్చీ ఉంటుందో లేదో చెప్పలేను. మామూలు రోజుల్లో అయితే ఇంత కంగారు పడేదాన్ని కాదు. అప్పుడు మా ఇంట్లో ఉద్యోగం ఉన్నది నాకొక్కదానికే. వేసవి మొదట్లో మా ఆయన కంపెనీ ఒక పొద్దున వీడియో కాల్ పెట్టి సగం టీమ్‌ని ఇంటికి పంపించింది. ఈయన వర్క్ ఫ్రమ్ హోమ్‌లో అప్పటికే ఇంట్లో ఉన్నాడు కాబట్టి పంపడం వాళ్లకు తేలికైంది.

కెనడాలో కిచెనర్ అనే ఊళ్లో ఉంటాం, మా వీధిలో అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఎవరికి లేఆఫ్ అయిందో ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ల ఇంటి ముందు మంచు అందరికంటే ముందు తీసేసి ఉంటుంది. ఆ ఏడాది మొదటి మంచు పడ్డప్పుడు మా ఆయన మా వాకిలి ఊడ్చి, పక్కింటి వాకిలి ఊడ్చి, పోస్టు డబ్బాల దాకా దారి వేసి వచ్చాడు. వంటింట్లో మసాలా డబ్బాలకు లేబుళ్లు అంటించాడు. ఉద్యోగం సంగతి మాత్రం ఎప్పుడడిగినా "చూస్తున్నా" అనేవాడు. కొంచెం గట్టిగా అడిగితే, "ఆ ఆఫీసు గొంతు నా మీద వాడకు" అని లేచి వెళ్లిపోయేవాడు. బయట ఎవరైనా "ఎక్కడ చేస్తున్నారండీ ఇప్పుడు?" అని పలకరిస్తే ఆయన నోరు తెరిచేలోపే, "బ్రేక్ తీసుకుంటున్నాడండీ" అని నేను అందుకునేదాన్ని.

గడువు ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంటర్వ్యూ పిలుపేమో అనుకుని నా గుండె ఎగిరింది.

"నీ ఎథిక్స్ అయిపోయింది," అన్నాడు.

"ఏం అయిపోయింది?"

"కోర్సు. పొద్దున కూర్చుని కంప్లీట్ చేసేశా. క్విజ్‌లో ఒక్కటే తప్పు. సర్టిఫికెట్ నీ మెయిల్‌కి వచ్చింది చూడు."

మా ఇంట్లో అందరికీ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. అది ఉప్పు డబ్బా లాంటిది, ఎవరి చెయ్యైనా పడుతుంది. ఆయన కరెంటు బిల్లు నేను కడతాను, నా డెంటిస్టు అపాయింట్‌మెంట్ ఆయన తీసుకుంటాడు. ఆ లెక్కలో నా నీతి కూడా ఆయనే పూర్తి చేసి పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎథిక్స్ కోర్సులో కాపీ కొడతావా? నా పేరు మీద?"

"కాపీ ఏంటి? నెట్‌లో జవాబుల డంప్స్ కోసం వెతికా, దొరకలేదు. మొత్తం చదివే రాశా. మా టీమ్‌లో అందరి కంప్లయన్స్ ట్రైనింగులూ నేనే క్లిక్ చేసేవాణ్ణి, ఎవరూ ఇంత గోల చెయ్యలేదు."

"అందుకే మీ కంపెనీ అలా తగలడింది!"

సోఫాలో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "నాన్నా, దట్స్ లిటరల్లీ చీటింగ్," అంది. మా ఆయన ముఖంలో వెలుగు అక్కడికక్కడే ఆరిపోయింది. బేస్‌మెంట్‌లోకి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమే అయినా పిల్ల నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

నిజం చెప్పొద్దూ, ఆ సర్టిఫికెట్‌ను అలాగే అప్‌లోడ్ చేసేస్తే ఏం పోతుందని నేనూ ఆలోచించాను. ఎవరికీ తెలియదు. కానీ రెన్యువల్ పేజీ చివర ఈ గంటలన్నీ నేనే చదివాను అని ఒప్పుకుంటూ టిక్కు పెట్టాలి. రేపు నడుం పోయినవాడు నా ముందు కూర్చుని అబద్ధమాడితే అతన్ని నిలదీయాల్సింది నేనే. మర్నాడు భోజనం వేళ కోర్సు వాళ్లకు ఫోన్ చేశాను.

"క్విజ్ నేను రాయలేదండీ, మా ఆయన రాశాడు," అని ఇంగ్లీషులో చెప్పుకున్నాను.

అటువైపు ఆవిడ అడిగింది: "ఆయన కూడా కౌన్సిలరేనా?"

"కాదు, సాఫ్ట్‌వేర్."

"మరి ఎందుకు రాశారు?"

"ప్రేమతో," అన్నాను. ఇంకో మాట దొరకలేదు.

ఆవిడ నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి తీర్పు చెప్పింది. ఆ సర్టిఫికెట్ రద్దు చేస్తారు, కోర్సు నాకు మళ్లీ తెరుస్తారు. ప్రశ్నలు అవే ఉంటాయి, వరస మారుతుంది. అవకాశం మాత్రం ఒక్కటే. తప్పితే మళ్లీ రాయడానికి వచ్చే నెల దాకా ఆగాలి. అప్పటికి నా గడువు దాటిపోతుంది.

శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు పేజీల గౌరవం, దాని ఫుట్‌నోట్లు, గోప్యత, సమ్మతి, అన్నీ మింగాను. మా ఆయన టీ తెచ్చి పెట్టాడు. రెండు రోజులుగా మాటల్లేవు మా మధ్య. ఎదురుగా కూర్చుని మినప్పప్పు ఏరుతూ, నేను ఏ ప్రశ్న దగ్గర ఆగినా తలెత్తి చూసేవాడు.

"నోరు విప్పావంటే చంపేస్తా," అన్నాను.

"నేనేమన్నానిప్పుడు?"

"నీ కనుబొమ్మలు అంటున్నాయి."

ఆయన కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుని పప్పు ఏరాడు. నేను చెమటలు కక్కుకుంటూ ఆఖరి బటన్ నొక్కాను. పాసయ్యాను, అత్తెసరుగా. ఇంకొక్కటి తప్పినా గట్టెక్కేదాన్ని కాదు.

"ఎన్నొచ్చాయి?" అన్నాడు గోడవైపు నుంచే. చెప్పాను. కాసేపు భుజాలు మాత్రం కదిలాయి. ఆ తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వాడు. వేసవి నుంచి ఆ నవ్వు విన్న గుర్తు లేదు నాకు. నా మార్కుల మీదైనా సరే, నవ్వినందుకు ప్రాణం లేచొచ్చింది.

"ఏవేవి పోయాయి?" అంటూ కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. తప్పులన్నీ తెరిచి చూశాం. అందులో ఒకటి ఒక కేసు. పని పోయిన మనిషి కౌన్సిలర్ దగ్గరికి భార్యతో కలిసి వస్తాడు. అతన్ని ఏం అడిగినా భార్యే జవాబు చెబుతుంది. కౌన్సిలర్ ఏం చెయ్యాలి? ఆవిడను గదిలోంచి బయటికి పంపాలి అని నేను టిక్కు పెట్టాను. అది తప్పట.

"నాకు ఇది రైటైంది," అన్నాడు ఆయన. "అతన్నే అడగాలి, జవాబొచ్చేదాకా ఆగాలి. నాలుగో ఆప్షన్."

"ఆవిడ పక్కనుంటే అతను ఏం మాట్లాడతాడు?"

"ఆవిణ్ణి పంపేస్తే మరీ ఒంటరివాడైపోతాడు కదే. ఉండాలి ఆవిడ. ఊరికే ఉండాలి అంతే."

ఆ మాట ఆయన స్క్రీన్ వైపు చూస్తూ అన్నాడు. లాప్‌టాప్ మూత వేశాను.

"నీకేం చెయ్యాలని ఉంది?" అని అడిగాను.

రోజుకో మనిషిని ఈ ప్రశ్న అడగడం నా వృత్తి. ఇంట్లో అడగడం అదే మొదలు. ఇన్నాళ్లూ నేనడిగింది ఎక్కడ అప్లై చేశావు, ఎవరు పిలిచారు అని మాత్రమే. ఆయన పప్పు పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ఏరిన పప్పునే మళ్లీ ఏరడం మొదలుపెట్టాడు. నా నాలుక మీద పక్క ఊరు వాటర్‌లూలో ఉన్న ఓపెనింగులు, కాలేజీ కోర్సులు, ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో ఆ పేర్లు అన్నీ వరసకట్టి నిలబడ్డాయి. పెదవి కరుచుకుని కూర్చున్నాను.

"తెలీదు," అన్నాడు చాలాసేపటికి. ఇంకాసేపు పప్పు అటూ ఇటూ జరిపి, "భయంగా ఉందే," అన్నాడు.

పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నాకూ భయం వేసింది. ఏం కాదులే అనబోయి ఆగిపోయి, ఆయన తర్వాత ఏమంటాడా అని చూస్తూ కూర్చున్నాను.