నాలుగో నంబరు బావి

ఆ రోజుల్లో నా సంచిలో ఉండే వస్తువులు ఇవి: వంద అడుగుల ఉక్కు టేపు ఒకటి, సుద్దముక్కలు ఆరు, పెన్సిళ్లు రెండు, రబ్బరు, తుడుచుకునే గుడ్డ, అట్ట నోటుబుక్కు. మీటర్లు కొత్తగా వచ్చిన కాలం. అడుగుల్ని మీటర్లలోకి మార్చే పట్టిక ఒకటి నోటుబుక్కు వెనక అట్టకు అతికించుకున్నాను. దాన్ని నేనే తయారుచేశాను, మూడు దశాంశ స్థానాల దాకా.

పని చెప్పుకోవడానికి చిన్నదే. హైదరాబాదు నుంచి వచ్చిన భూగర్భశాస్త్రం సార్ వరంగల్ చుట్టుపక్కల రాతినేలల్లో నీళ్ల మీద పరిశోధన చేస్తున్నారు. ఏ రాయి నీటిని పట్టి ఉంచుతుంది, మట్టం ఏటేటా ఎందుకు దిగుతోంది అన్నది ఆయన ప్రశ్న. పన్నెండు బావులు ఎంచారు. ఒక్కో బావిలో వారానికొకసారి నీటిమట్టం కొలవాలి. టేపు కొసకు సుద్ద రుద్ది బావిలోకి వదిలితే తడిసినంత మేర రంగు మారుతుంది. గట్టు దగ్గర టేపు చూపించిన అంకెలోంచి ఆ తడి మేర తీసేస్తే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. పాలకుర్తి వైపు ఆరు బావులు నావి. నర్సంపేట వైపు ఆరు ఇంకొకతనివి.

ఆ ఇంకొకతని గురించే ఇదంతా.

అతను నర్సంపేట దగ్గర రైతుల ఇంటివాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మెట్రిక్ దగ్గర చదువు ఆపేశాడు. మొదట టేపు మోయడానికే పెట్టుకున్నారు. నెల తిరక్కుండా సార్ అతని చేతికీ ఒక నోటుబుక్కు ఇచ్చారు. నేనేమో హనుమకొండ బజారులో బట్టల దుకాణం వాళ్ల అబ్బాయిని, మా ఇంట్లో మొదటి డిప్లొమా నాదే. నన్ను అతను షావుకారి అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. అలా పిలవడం కూడా నాకు కష్టంగానే ఉండేది.

వానలు పడేలోపు లెక్కలన్నీ అప్పగించాలని, ఇద్దరిలో ఒకరిని హైదరాబాదులో పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకుంటానని సార్ ముందే చెప్పారు. ఆ ఒకరు నేనేనని ఆ సాయంత్రమే మా బాపుకు చెప్పేశాను. బాపు మర్నాడు పొద్దున బోణీ కాకముందే బజారంతా చెప్పాడు.

నోటుబుక్కులో ఐదు గడులు ఉండేవి. తేదీ, సమయం, టేపు అంకె, లోతు, వివరాలు. నా ఐదో గడిలో ప్రతి వారం ఒకటే మాట ఉండేది: ఏమీ లేదు. అతని ఐదో గడి పక్క గడుల్లోకి కూడా పారేది. ఒకసారి సార్ మా ఇద్దరి ముందూ దాన్ని బయటికి చదివారు.

"బావిలోకి వంగిన ఈతచెట్టుకు గిజిగాడి పాత గూళ్లు నాలుగు. నిరుడు వానాకాలం గూటి కొసకు జానెడు కింద నీళ్లు ఉండెనని రైతు మాట. ఇప్పుడు గూటికి, నీళ్లకు నడుమ రెండు నిలువులు."

సార్ కుర్చీలోంచి లేచారు. "నిరుటి కొలతలు మన దగ్గర లేవు. ఇతను పిట్టగూటి నుంచి తెచ్చాడు! చూశావా?" అన్నారు నాతో.

చూశాను. ఆ గూళ్లలాంటివి నా రెండో నంబరు బావిలోనూ ఉన్నాయి. టేపుకు చిక్కుకుంటున్నాయని ఒకదాన్ని కర్రతో పక్కకు నెట్టింది కూడా నేనే.

ఆ రాత్రి అతనిలో నాకు గిట్టనివి కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఏ ఊరికి పోయినా అతనికి మజ్జిగ దొరకడం. రెండు, రాతిని చేత్తో తట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పడం, అది చాలాసార్లు నిజం కావడం. మూడు, ఇంగ్లీషు రాకపోయినా సార్‌కు అతని మాట అర్థం కావడం. నాలుగు, నా మీద అతనికి ఏ కోపమూ లేకపోవడం. నాలుగోదాని కింద గీత గీశాను.

అప్పుడే నా నాలుగో నంబరు బావి నాకు కలిసొచ్చింది. గురువారం గురువారం ఉదయం సరిగ్గా తొమ్మిదిన్నరకు దాన్ని కొలిచేవాణ్ణి. ప్రతి మూడో గురువారం మట్టం బారెడు దిగేది. తరువాతి రెండు వారాలు పైనే ఉండేది. మళ్లీ దిగేది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్కసారీ తప్పలేదు. ఆ పొలం పక్కగా భూమి లోపల గోడలా నిలిచిన నల్లరాతి పొర ఒకటి పోతుంది. ఆ రాతి పగుళ్లలో నీళ్లు ఒక లెక్క ప్రకారం నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నాయని నేను సిద్ధాంతం కట్టాను. గ్రాఫు గీసి, నాలుగు పేజీలు రాసి సార్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది నిలబడితే నివేదికలో ప్రత్యేకంగా వేద్దాం. శనివారం శుభ్రంగా రాసి తీసుకురా" అన్నారు. అతను పక్కనే ఉన్నాడు. నేను కావాలనే అతని వైపు చూడలేదు.

మర్నాడు చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతూ నా గ్రాఫు ముందుకు లాక్కున్నాడు.

"ఏంది షావుకారి, గీ మెట్లు? ఖిల్లా ఎక్కుతాన్నవా?"

"గ్రాఫన్నా అది."

"మంచిగున్నది. ఆ బాయి ఎవలెవలది?"

"ఎవలదైతే ఏంది? రాతికి వాళ్లతోటి ఏం పని?"

"రాతికి లేదు. నీళ్లకు ఉంటది." సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదాడు. "వంతులెన్నో జర అడుగు. ఒక్క మాటనే గదా."

"నీ బాయిలు నువ్వు చూస్కో అన్నా."

అతను సాసర్ దించి, "సరే తియ్" అని లేచాడు. నా సిద్ధాంతం చూసి కడుపు మండిందనుకున్నాను. నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఆ హాయి ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. అతని మాట తప్పని రుజువు చేస్తే తప్ప నిద్రపట్టేలా లేదు. గురువారం కాకపోయినా తెల్లారగానే మొదటి బస్సెక్కాను.

బావి దగ్గర ఆ పొలం రైతు ఒకతను ఎడ్లతో మోట తోలుతున్నాడు. తోలు బొక్కెన పైకొచ్చి కాలువలో నీళ్లు గుమ్మరించి మళ్లీ లోపలికి దిగుతోంది.

"గురువారం గాదు గదా సారు, ఇయ్యాలొచ్చిన్రేంది?"

"ఈ బావి మీ ఒక్కరిదేనా?"

"అట్లెట్ల? మా ముగ్గురన్నదమ్ములది. దినానికొకరి వంతు. ఇయ్యాల నాది, రేపు చిన్నోంది, ఎల్లుండి పెద్దన్నది. మాకొక్కొక్క మోట. పెద్దన్నకు రెండు జతలెడ్లున్నయి, రెండు మోటలు గడ్తడు."

"మరి ఇన్ని నెలలు చెప్పలేదేం?"

"మీరడుగలే. ఎడ్లనాపుమంటిరి, ఆపితిమి."

గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడును మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. వారం వారం వస్తే వారానికొకరి వంతు తగులుతుంది. ప్రతి మూడో గురువారం పెద్దన్న రెండు మోటలూ తెల్లవారుజాము నుంచి నీళ్లు తోడుతుంటే నేను వచ్చి, టేపు ఊగకుండా ఎడ్లను ఆపించి, మూడు దశాంశ స్థానాల దాకా కొలిచి వెళ్లాను. నాలుగు ఎడ్లు నా పక్కనే నిలబడి ఉండేవి. నా ఐదో గడిలో ఏమీ లేదు.

శనివారం ఆఫీసు గదిలో సార్ గ్రాఫును మళ్లీ పొగడడం మొదలుపెట్టారు. అతను మూలన టేపు తుడుస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అంటే నా పని అయిపోతుంది. అతను అనలేదు. అనడని తెలిసేసరికి ఇంకా మండింది. నాలుగు పేజీలూ అడ్డంగా చింపి, వంతుల సంగతి, మోటల సంగతి చెప్పేశాను.

సార్ చిరిగిన ముక్కల్ని ఒకసారి జోడించి చూశారు. తరువాత నవ్వారు. "సొంత సిద్ధాంతాన్ని సొంత చేత్తో చింపేవాడు ఇంతవరకు నాకు దొరకలేదు. ఎవరైనా చెప్పారా, నీకే తోచిందా?"

"నాకే తోచింది సార్."

మూలన టేపు తుడిచే చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది.

ఉద్యోగం నాకు వచ్చింది. బయటికొచ్చాక అతను నా భుజం తట్టి, "పోయి అడిగినవ్ గదా, గంతే సాలు. హైద్రబాదుల బాయిలుండయి షావుకారి, నల్లాలే. పైలం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని రైలెక్కేదాకా అనుకున్నాను.

హైదరాబాదులో నా పని, వరంగల్ నుంచి నెలనెలా వచ్చే నోటుబుక్కుల్లోని అంకెలు రిజిస్టరులోకి ఎక్కించడం. పన్నెండు బావులూ ఇప్పుడు అతనివే. నాలుగో నంబరు ఎదురుగా ప్రతిసారీ ఉండేది: పెద్దాయన వంతు, రెండు మోటలు. నడిపాయన వంతు, ఒక్క మోట. నన్ను దెప్పడానికి రాసింది కాదు. చూసింది రాసేవాడు. రిజిస్టరులో ఐదో గడి లేదు. అయినా కవరు విప్పగానే నేను ముందు చదివేది దాన్నే. ఇలా మూడేళ్లు గడిచాయి.

నిరుటి ఎండాకాలం నాలుగో నంబరు ఎదురుగా ఇలా రాసి వచ్చింది: "ముగ్గురు పాళ్లు పంచుకున్నరు. చిన్నాయన కరెంటు మోటరు పెట్టిండు. ఇగ వంతులు లేవు. మోట ఆగితే నీళ్లు ఊరేటివి. మోటరు ఆగుతలేదు. అడుగున బండ కనబడుతున్నది."

సార్ ఆ పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "వంతులు పట్టుకున్నవాడివి నువ్వే కదా. అన్ని ఊళ్లలో ఇలా మోటర్లు పెడితే మిగతా బావులు ఏమవుతాయి? నీకేం తోస్తోంది?"

నాకేమీ తోచలేదు. పట్టికలు తిప్పాను. పెన్సిలు చెక్కాను. సార్ నిలబడే ఉన్నారు.

"అప్పుడు కూడా నాకు తోచలేదు సార్" అన్నాను. "వంతులు అడగమన్నది అతను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మూడేళ్లు" అన్నారు, అంతే. నన్ను తీసెయ్యలేదు. అతన్ని పిలిపించారు.

శ్రావణంలో ఒక సోమవారం వచ్చాడు. కిటికీ పక్క బల్ల అతనికిచ్చారు. మూడేళ్లుగా నేను అడుగుతున్న బల్ల అది. సంచి కింద పెట్టి, కూర్చోకుండానే బయటికి వంగి చూశాడు.

"షావుకారి, గా తుమ్మకు గిజిగాళ్లు ఎన్నేండ్ల సంది కడుతున్నయి?"

లేచి వెళ్లి చూశాను. ఆవరణ గోడ పక్కన తుమ్మచెట్టుకు పచ్చివి రెండు, ఎండినవి తొమ్మిది గూళ్లు వేలాడుతున్నాయి. ఎండినవి కనీసం రెండేళ్లవి, ఇంతకుముందు నేను ఒక్కటీ చూడలేదు.