మాచెన్ తాతయ్య గుర్రం

మా యుద్రోన్ అత్త ఈల వేస్తే కొండకు అటువైపున్న గుర్రాలు మేత ఆపి వచ్చేవి. ఇటువైపున్న తోడేళ్లు ఊరొదిలి పోయేవి. మఠంలో చదువు మధ్యలో ఎగ్గొట్టి వచ్చినవాణ్ణి, నా మాట నమ్మకపోతే పోనీ, గుర్రాలను అడగండి.

మింగ్ చక్రవర్తికి గుర్రాలు కావాలి, మాకు టీ కావాలి. అందుకే ఏటా సరిహద్దులోని హెజౌ సంతకు గుర్రాలను తోలుకెళ్లి టీ ఆకు మూటలతో తిరిగొచ్చేవాళ్లం.

ఆ ఏడు సంతకు ముందు అత్త మొగుడు లుబుమ్ మావ గుర్రాలను ముస్తాబు చేశాడు. జూలు కత్తిరిస్తే మెడ బలంగా కనిపిస్తుందని ఆయన నమ్మకం. కత్తెర చేతికొస్తే ఇక ఆగడు. ఆ ఊపులో ఒక బూడిదరంగు గుర్రానికి జూలుతో పాటు అందులో ముడేసిన ఎర్ర పట్టు పీలికనూ కత్తిరించేశాడు. ఆ పీలిక ఉందంటే అది మాచెన్ కొండ తాతయ్యకు, అంటే మా కొండ దేవుడికి, వదిలేసిన గుర్రమని. దాన్ని ఎవరూ ఎక్కకూడదు, అమ్మకూడదు. అమ్మితే తాతయ్య మంద మీద వడగళ్లు కురిపిస్తాడు. మా ముత్తాత కాలంలో ఒక్కోటి గొర్రెంత పడిందట.

పీలిక లేక అది అమ్మే గుర్రాల్లో కలిసిపోయింది. హెజౌలో అత్త చూసేసరికి దాని తొడ మీద చక్రవర్తి ముద్ర ఇంకా పొగలు కక్కుతోంది.

"ఏమయ్యా, దీని పీలికేది?"

"ఏ పీలిక?" అన్నాడు మావ, కత్తెరను అంగీలోకి తోసేస్తూ.

"నీ జుట్టు కత్తిరించేదాన్ని దాంతో. నెత్తిన ఉంటే కదా."

అత్త నేరుగా తనిఖీ అధికారి షెన్ దగ్గరికి నడిచింది. ఆ సంతలోనే ముసలివాడైన మనిషి ఆయన. మా భాషలో మాకంటే బాగా తిట్టగలడు.

"దొరగారూ, ఇది మా తాతయ్యది. బదులు నేనెక్కే నల్ల గుర్రాన్ని తీసుకోండి."

"ముద్ర పడ్డాక చక్రవర్తిదేనమ్మా. తిరిగిస్తే నా తల ఇక్కడుండదు. కావాలంటే మీ తాతయ్యనే వచ్చి అడగమను."

"వస్తాడు. మీ టీ కొట్లకు పైకప్పులుండవు మరి."

షెన్ నవ్వాడు కానీ తాడు విప్పలేదు. అత్త అక్కడే చతికిలబడి, గిన్నెలో టీ పోయించుకుంది.

"మా లామాలు కానుకలతో రాజధానికొస్తే మీ చక్రవర్తి ఏం చేస్తాడు?"

"అంతకు మించి ఇచ్చి పంపుతాడు. పట్టు, టీ, నోరు తిరగని బిరుదులు."

"లామాలకే అంత ఇచ్చేవాడు, వాళ్లు మొక్కే కొండకు ఓ గుర్రం ఇవ్వలేడా?"

షెన్ గడ్డం గోక్కోవడం ఆపాడు.

"తిరిగివ్వడం కాదు దొరగారూ. తాతయ్య నల్లదాన్ని కానుక పంపాడు. చక్రవర్తి బూడిదదాన్ని బహుమతిగా పంపాడు. మీ తల అక్కడే ఉంటుంది. దానిమీదికి పై పదవి టోపీ కూడా రావచ్చు."

"అంటే, కొండ దేవుడు కూడా కప్పం కట్టాడని పైవాళ్లకు చెప్పుకోవచ్చు."

"చెప్పుకోండి. చక్రవర్తే మా కొండకు మొక్కాడని మేం చెప్పుకుంటాం."

షెన్ తాడు విప్పాడు. పైగా తన పెట్టెలోంచి కొత్త పట్టు పీలిక తీసి, మిగిలిన పొట్టి జూలుకు తనే ముడేశాడు. అత్త నల్ల గుర్రం నుదురు ఒకసారి నిమిరి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ముద్రా పీలికా రెండూ ఉన్న ఆ గుర్రాన్ని చూస్తే దారిదొంగలు కూడా పక్కకు తప్పుకునేవారు. పైనుంచి వడగళ్లు, కిందనుంచి సైన్యం, ఎవరిక్కావాలి?

ఇంటిదాకా అత్త మావ గుర్రం మీద వచ్చింది. మావ నడిచొచ్చాడు. కత్తెర అత్త నడుముకు వేలాడుతోంది.