మందలోంచి ఏరిన గొర్రె

ఆ ఏడు ఫ్లూ జ్వరం వికారాబాదు దాటి మా వైపుకూ పాకింది. తాండూరు అంగడికి గొర్రెలు తోలుకుపోయిన రోజు, హోటల్లో చాయ తాగేవాళ్లలో సగం మంది తుమ్ముతూ దగ్గుతూ కనిపించారు. వాళ్ల మధ్యే కూర్చుని, ఒకే తొట్టి నీళ్లలో ముంచి తీసిన గ్లాసులో నేనూ చాయ తాగి వచ్చాను.

ఇంటికి చేరాక ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి చలి పుట్టింది. నడుమూ కీళ్లూ రోకలితో దంచినట్టు నొప్పి. కళ్లు మంట, ముక్కు ధార. మామూలు పడిశం ఇలా ఒక్కసారిగా మనిషిని కూలేయదని తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నా భార్య బాలింత. పురుడు వెళ్లి, బిడ్డను మొదటిసారి నా చేతుల్లో పెడతామన్నది ఆ రోజే.

బాలింత ఉన్న అర్ర గడప దగ్గర అమ్మ ఆపింది.

"కండ్లు గట్ల ఎర్రగున్నయేందిరా?"

"గొర్ల దుమ్ము పడ్డదమ్మా."

అబద్ధం. చేతులు చాచానో లేదో, తుమ్ము ఆగలేదు. బిడ్డను అందించబోయిన నా భార్య చటుక్కున గుండెకు హత్తుకుని గోడవైపు తిరిగింది. అమ్మ నా నుదురు తాకింది.

"అగో, పెంక లెక్క కాలుతున్నది! మందల గొర్రె చీమిడి కారిస్తే ఏం జేస్తవ్‌రా?"

"ఏరి అవతల కడత."

"నీళ్లు?"

"వేరే తొట్టిల పోస్త."

"గొర్లకాడున్న సోయి బిడ్డకాడ లేకపాయె! నడువ్ అవతలికి."

"అత్తా, ఈ పొట్టేలుకు జర గడ్డి గూడ వెయ్యి" అంది నా భార్య, గోడవైపు నుంచి తిరగకుండానే.

మందను కాసేవాడికి మంద రోగం రాదన్నట్టు బతికాను.

జబ్బు గొర్రెలను కట్టే పాకలోనే గొంగడి పరుచుకున్నాను. అమ్మ జొన్న గటక పోసిన ముంత దూరంగా పెట్టి పోయేది. దాన్ని నేనే బూడిదతో తోముకునేవాణ్ని. దగ్గొస్తే రుమాలు అడ్డం పెట్టుకునేవాణ్ని. దాన్ని వేడినీళ్లలో ఉడకబెట్టేవాణ్ని. అమ్మ అర్రలోకి పోయే ముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకోవడం పాకలోంచి కనిపించేది. ఆ ఒక్క తుమ్ము బిడ్డకు తగిలిందేమోనన్న భయం మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున లేస్తూనే కేకేసేవాణ్ని.

"బిడ్డ పాలు తాగుతున్నదా?"

"మస్తు తాగుతున్నది. నీ ఫికర్ నువ్వు జూస్కో!"

అమ్మ తిట్టిన ఆ తిట్టు వింటే ఒళ్లు నొప్పులు సగం తగ్గేవి. పగలంతా పడుకుని, బయట గొర్రెల అరుపుల మధ్య బిడ్డ ఏడుపు వెతుక్కునేవాణ్ని.

జ్వరం పోయి, దగ్గు పూర్తిగా ఆగేదాకా అమ్మ రానివ్వలేదు. స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. చేతులు చూపించమంది. చూసి, మళ్లీ కడుక్కుని రమ్మంది. వెళ్లి కడుక్కొచ్చాను.

నా భార్య బిడ్డను నా చేతుల్లో పెట్టింది. సబ్బు వాసనకు కాబోలు, అది ముక్కు ముడిచి చిన్నగా తుమ్మింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. అది మాత్రం నోరారా ఆవులించి, నా చేతుల్లోనే నిద్రపోయింది.