పేరు పలకని వీడియో

వీడియో అంతసేపూ ఆ నూనె ప్యాకెట్‌ను ముఖం పక్కన ఎందుకు పట్టుకున్నావు అవ్వా అని నిన్న ఫోన్‌లో అడిగారు గదా. దాని పేరు నేను పలకలేను, అందుకని. ఆ కంపెనీ పేరూ మీ తాత పేరూ ఒకటే. పెళ్లైన నాటి నుంచి ఆయన పేరు నా నోట రాలేదు. రేషన్ అంగడిలో కూడా కార్డు చూపించి ఊరుకుంటాను. ప్యాకెట్‌నూ అలాగే చూపించాను. మామ పేరు గనక మా కోడలూ పలకదు.

కోవిల్‌పట్టిలో నేను ఊరగాయ పెడుతుంటే వీడియో తీసేది ఆమే. పోయిన వేసవిలో గానుగ నూనె కొంచెమే దొరికింది. దాంతో ఒక జాడీ, ప్యాకెట్ నూనెతో ఇంకో జాడీ పెట్టాను. అవే మామిడికాయలు, అదే ఉప్పు. నెల తిరక్కముందే రెండో జాడీ బూజు పట్టింది. రెండు మూతలూ తీసి చూపించాను, అంతే.

వారంలో కంపెనీ నోటీసు వచ్చింది. వాళ్ల ట్రేడ్‌మార్క్‌ను అనుమతి లేకుండా వాడుకున్నామట. వీడియో తీసేసి, క్షమాపణ చెబుతూ ఇంకొకటి పెట్టాలట. లేకపోతే కోర్టు.

"తీసేస్తాము అత్తా, మనకేల ఈ వంబు, ఈ తగాదా?" అంది కోడలు.

తీసేయడం కన్నా ఆ క్షమాపణే నాకు మింగుడు పడలేదు. చూసింది చెప్పి, తప్పు చెప్పానని ఒప్పుకోవాలా?

నేనూ, మీ తాతా, కోడలూ ముగ్గురం బస్సెక్కి విరుదునగర్‌లో మన తెలుగు మాట్లాడే వకీలమ్మ దగ్గరికి పోయాము. ఆమె వీడియో రెండుసార్లు చూసింది.

"ఏల పెద్దమ్మా, పేరు నోటితో సెప్పుంటే సాలు గదా? ఇంతసేపు ప్యాకెట్టును ఎత్తి పట్టుకోనుండావే?"

నేను మీ తాత వైపు చూపించాను. "ఈయన పేరూ అదే."

"మా నాయిన నాకా పేరు పెట్టేటప్పటికి ఆ కంపెనీ ఏడుండె?" అన్నాడు మీ తాత. "నోటీసు నేను పంపాల వాళ్లకు!"

వకీలమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "వాళ్ల గుర్తు ఏసుకోని నువ్వు నూని అమ్మితే తప్పు. ఏ నూని బాగలేదో సెప్పాలంటే ఆ నూనిని సూపాల గదా, దాంట్లో తప్పు లేదు. కల్తీ అని ఏడన్నా అన్నావా?"

"లేదమ్మా. లోపల ఏముందో నాకేం తెలుసు? కంటితో సూసిందే సెప్పినా."

"అట్లంటే బయపడాకు. ఆ మాట మిందనే నిలబడు."

ఆమె రాసిన జవాబులో నేనొక మాట చేర్పించాను. బూజు ఎందుకు పట్టిందో చెప్పండి, మీ మాట కూడా వీడియోలో పెడతాను అని.

కొన్నాళ్లకు నోటీసు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. వీడియో ఇంకా అక్కడే ఉంది. దాని కింద ఎవరెవరో ఆడవాళ్లు, మాదీ చెడిందని కొందరు, మాది బాగుందని కొందరు రాస్తున్నారు. చదువుతుంటే సంతోషంగా ఉంది. ఈ వేసవికి మీరొస్తే పేరు మీరు పలకండి, నేను జాడీ పట్టుకుంటాను.

కంపెనీ పంపిన ఆ ఉత్తరాన్ని కోడలు నాకు మళ్లీ మళ్లీ చదివి వినిపించింది. గుర్తు గురించి ఉంది, పేరు గురించి ఉంది. నూనె మాటే లేదు. ఇంతకీ నా ఊరగాయ ఎందుకు చెడింది?